నా కాలికి తొమ్మిది సూదులు

నొప్పి మొదట్లో పొద్దున మాత్రమే వచ్చేది. మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ వెనక ఎవరో తీగ బిగించి లాగినట్టు ఉండేది. బాత్‌రూమ్ దాకా కుంటుకుంటూ వెళ్లి, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే పోయేది. గ్రౌండ్‌లో ఒక రౌండు వేశాక ఆ సంగతే గుర్తుండేది కాదు. అందుకే రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు.

మీరు ఎప్పుడైనా కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయి ఉంటే, ఎందుకు దాచానో మీకు చెప్పక్కర్లేదు. గ్రౌండ్‌లో నొప్పి అన్నవాడిని అందరూ జాలిగా చూస్తారు. ఆ చూపు మనకెందుకని నోరు మూసుకుంటాం.

అది 2022 సెప్టెంబర్. హనుమకొండలో నలుగురం కలిసి ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. ఆగస్టు 28న కానిస్టేబుల్ ప్రిలిమ్స్ రాశాం. కీ చూసుకుంటే గట్టెక్కేలాగే ఉంది. ఇది నాకు రెండో నోటిఫికేషన్. 2018లో మొదటిసారి రాసినప్పుడు ప్రిలిమ్స్‌లోనే పోయింది. ఈసారి మగవాళ్లకు పరుగు 1600 మీటర్లు. 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకు 108 సెకన్లు. రోజూ పరుగెత్తేవాళ్లకు అదేం పెద్ద లెక్క కాదు. ఏడాదిపాటు స్టడీ హాల్ కుర్చీకి అతుక్కుపోయిన నాకు మాత్రం లెక్కే.

పరీక్ష అయిన మర్నాడే గ్రౌండ్‌లో దిగా. వారానికి ఆరు రోజులు, పొద్దునా సాయంత్రం. గ్రౌండ్‌లో జనం ఎక్కువైతే రోడ్డు మీద. కాళ్లకు ఎప్పుడో కొన్న బూట్లు, అడుగు సగం అరిగిపోయినవి. కొత్తవి కొనమని ఇంట్లో అడగలేదు. జులై వానలకు పత్తి సగం కొట్టుకుపోయింది. రూమ్ అద్దెకే బాపు ఎవరి దగ్గరో తెచ్చి పంపుతున్నాడని నాకు తెలుసు.

సెప్టెంబర్ మూడో వారానికి రౌండు వేసినా నొప్పి పోవడం మానేసింది. మడమకు రెండు మూడు వేళ్ల పైన, ఆ లావాటి నరం మీద చేయి పెడితే చాలు, ప్రాణం పోయినట్టు ఉండేది. మెట్లు దిగాలంటే ఒక పక్కకు తిరిగి దిగేవాణ్ని.

సూదుల దాకా ఎలా వెళ్లానంటే

నొప్పి సంగతి బయటపడ్డాక తలో సలహా వచ్చింది. అమ్మ ఫోన్‌లో కాపడం పెట్టుకోమంది. "మీ నాయినమ్మకు గిట్లనే నరం పడితే చురకలు పెట్టిచ్చిన్రు, మూడొద్దుల్ల లేచి నడిచింది" అని కూడా అంది. గ్రౌండ్‌లో ఒకన్న, ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ వేయించుకుంటే వారం దాకా ఢోకా లేదన్నాడు. మా రూమ్‌మేట్ మాత్రం ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్. భుజం మీద గుండ్రంగా ఎర్రటి మచ్చలు. కప్పింగ్ అంటారు. చైనా వైద్యంలో సూదుల పక్కనే ఉండే పద్ధతి. "అంత పెద్దోడే చేయించుకున్నడంటే ఉత్తగనే చేయించుకుంటడారా? ఇక్కడ సూదులు పెట్టే మేడం ఒకామె ఉన్నది, పోదాం పా" అన్నాడు.

నాకు సూదంటే చిన్నప్పటి నుంచీ భయం. ఉద్యోగం పోతుందన్న భయం అంతకంటే పెద్దది. వెళ్లాను.

ఒక సందులో, మొదటి అంతస్తు మీద చిన్న క్లినిక్. గోడ మీద మనిషి బొమ్మ, దాని నిండా చుక్కలు, గీతలు. డాక్టరమ్మకు యాభై ఏళ్లు ఉంటాయేమో. పడుకోబెట్టే ముందు బోలెడు ప్రశ్నలు అడిగింది. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నావా, షుగర్ ఉందా, ఇంతకుముందు ఇంజక్షన్ చూసి కళ్లు తిరిగాయా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అని. తినలేదన్నాను. కింద బండి మీద ఇడ్లీ తిని రమ్మని పంపించింది. ఖాళీ కడుపుతో సూదులు పెడితే కొందరికి కళ్లు తిరుగుతాయట.

తిరిగి వచ్చాక సీల్ ఉన్న ప్యాకెట్ నా ముందే చింపింది. ఆ సూది ఇంజక్షన్ సూదిలా లేదు. లోపల బొర్ర ఉండదు, మందు వెళ్లదు. మందం మిల్లీమీటర్‌లో నాలుగో వంతు. పట్టుకుంటే వంగుతుంది. ఒకసారి వాడి పారేసేవి.

బోర్లా పడుకున్నాను. పిక్క మధ్యలో ఒకటి పెట్టింది. చీలమండ ఎముకకూ మడమ నరానికీ మధ్య లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. ఇంకొన్ని పిక్క కింద, మోకాలి వెనక. మొత్తం తొమ్మిది. తోలు దగ్గర దోమ కుట్టినంత కూడా లేదు. కానీ సూదిని వేళ్లతో కొంచెం తిప్పగానే లోపల బరువుగా, జివ్వుమన్నట్టు ఒక లాగుడు మొదలైంది. అది పాదం దాకా పాకింది. చెప్పాను. "అట్లనే ఉండాలె. చైనా వాళ్లు దాన్ని ద చీ అంటరు" అంది. తర్వాత రెండు సూదులకు చిన్న క్లిప్పులు పెట్టి సన్నగా కరెంటు ఇచ్చింది. పిక్క దానంతట అదే టక్ టక్ మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. అలా 25 నిమిషాలు. మధ్యలో నిద్ర పట్టేసింది. నెలన్నరలో నేను పగలు నిద్రపోవడం అదే మొదటిసారి.

లేచాక మెట్లు దిగాను. పక్కకు తిరక్కుండా, మామూలు మనిషిలా దిగాను. కింద నిలబడి మళ్లీ ఎక్కి మళ్లీ దిగాను. నొప్పి పదికి ఎనిమిది ఉండేది, మూడుకు వచ్చింది. రూమ్‌మేట్ నన్ను చూసి నవ్వుతున్నాడు. నేను ఏడ్చినంత పని చేశాను.

డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటుంది. "మూడు సిట్టింగ్‌లు అయినంక చూద్దాం. అప్పటిదాంక ఉరుకుడు బంద్." తల ఊపాను. మాట మాత్రం చెవిన వేసుకోలేదు.

ఆ ఆదివారం

సిట్టింగ్‌కి 300 రూపాయలు. ఆ వారంలో మూడు అయ్యాయి. మూడోది శనివారం సాయంత్రం. ఆదివారం పొద్దున నొప్పి ఒకటో రెండో ఉంది అంతే. గ్రౌండ్‌లో మా బ్యాచ్ టైమ్ ట్రయల్ పెట్టుకుంది. నిలబడి చూస్తూ ఉండటం నా వల్ల కాలేదు. దిగాను. నాలుగు రౌండ్లు, 7 నిమిషాల 31 సెకన్లు. ఇంకో పదహారు సెకన్లు తగ్గిస్తే చాలు. మూడు నెలల టైముంది. ఆ రోజు మధ్యాహ్నం అందరికీ నేనే బిర్యానీ తినిపించాను.

సాయంత్రానికి మడమ వేడెక్కింది. రాత్రికి వాచింది. సోమవారం పొద్దున కాలు కింద పెడితే పెట్టనివ్వలేదు. ఆ నరం చేతికి తాడు ముడిలా తగిలింది. గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్లాను.

సూదులు పెట్టిన ఆమె మీద కోపం వచ్చింది. మోసం అనుకున్నాను. 900 రూపాయలు తగలేశానని అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి బాపుతో మొత్తం చెప్పాను. కోప్పడతాడనుకున్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"మన బాయికాడ మోటరు స్టార్టర్ ఊకె ట్రిప్ అయితే ఏం జేస్తరు కొందరు? పుల్ల వెట్టి ఒత్తిపడతరు. మోటరు నడుస్తది బిడ్డా. నడిచి నడిచి కాయిల్ కాలిపోతది. నువ్వు పుల్ల వెట్టినవ్ గంతే."

నాకు అర్థమైంది. సూది చేసిన పని సూది చేసింది. ఆ దొరికిన సందులో నేను చేయాల్సిన పని వేరే. నేను చేసింది వేరే.

ఫిజియో చెప్పిన పాఠం

అక్టోబర్ మొదటి వారంలో ఒక ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఆయన ఒకప్పుడు యూనివర్సిటీకి ఆడినవాడు. మొదట బోర్లా పడుకోబెట్టి పిక్కను గట్టిగా పిసికాడు. పాదం తనంతట తాను కదిలింది. "హమ్మయ్య, తెగలే" అన్నాడు. మడమ నరం తెగితే పిక్క పిసికినా పాదం కదలదట. తెగేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు, టప్‌మని చప్పుడైనట్టు ఉంటుందట. అలా జరిగితే సూదులూ, కాపడాలూ ఏమీ వద్దు, నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికే వెళ్లాలని గట్టిగా చెప్పాడు.

మనం నరం అంటాం గానీ అది నరం కాదు. పిక్క కండను మడమ ఎముకకు కట్టే తాడు. ఇంగ్లిష్‌లో అకిలిస్ టెండన్. ఒంట్లో ఉన్న టెండన్లలో లావైనదీ, బలమైనదీ అదే. పరుగెత్తుతుంటే ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకు ఆరేడు రెట్ల భారం దాని మీద పడుతుంది. 1600 మీటర్లంటే ఒక్కో కాలికి ఏడు వందల అడుగుల లెక్క. కూర్చుని కూర్చుని ఉన్నవాడు ఉన్నట్టుండి రోజుకు రెండు పూటలు పరుగెత్తితే ఆ తాడు తట్టుకోలేదు. కండ నెలలో బలపడుతుంది. టెండన్‌కు రక్తం సరఫరా తక్కువ, అందుకే అది నెలల తరబడి నెమ్మదిగా మారుతుంది.

"మరి సూదులు దండగేనా అన్నా?" అని అడిగాను.

"దండగ అని నేననలే తమ్మీ. నొప్పి తగ్గిందా లేదా? తగ్గింది. కానీ తాడు బలం నొప్పి తగ్గితే రాదు, బరువు మోస్తే వస్తది. మోసే పని నీదే."

ఆయన చెప్పిన వ్యాయామం వెనక ఒక కథ ఉంది. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్సన్ అని ఎముకల డాక్టర్. ఆయనకే ఈ మడమ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే పై డాక్టర్ ఒప్పుకోలేదట. సరే, అది తెగితే అప్పుడైనా చేస్తారు కదా అని, నొప్పి పుట్టేలా మడమను కిందికి దించే కసరత్తు మొండిగా చేశాడట. తెగలేదు సరికదా, నొప్పి తగ్గిపోయింది. తర్వాత 15 మంది రన్నర్లతో 12 వారాలు అదే చేయించి 1998లో ఫలితాలు ప్రచురించాడు. అందరూ మళ్లీ పరుగులోకి వచ్చారు. ఇవాళ ప్రపంచంలో ఏ ఫిజియో దగ్గరికి మడమ నొప్పితో వెళ్లినా ఆ పేరు వినపడుతుంది.

చేయడం ఇలా. మెట్టు అంచున ముందు పాదాల మీద నిలబడాలి, మడమలు గాల్లో ఉండాలి. బాగున్న కాలితో పైకి లేవాలి. నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి, మెల్లగా మడమను మెట్టు కంటే కిందికి దించాలి. మోకాలు నిటారుగా పెట్టి 15 సార్లు చొప్పున మూడు సెట్లు, మోకాలు కొంచెం వంచి ఇంకో మూడు సెట్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజుకు 180. వారానికి ఏడు రోజులు, 12 వారాలు. నొప్పి సరిగ్గా మడమ ఎముక అంటుకునే చోట ఉన్నవాళ్లు మెట్టు కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి. అందుకే ఎవరైనా చూసి చెప్పాకే మొదలుపెట్టాలన్నాడు.

క్యాలెండర్ చూశాను. 12 వారాలంటే డిసెంబర్ చివర. ఈవెంట్స్ ఎప్పుడో అప్పటికి తేదీ రాలేదు. నా మొహం చూసి ఆయన సింధు సంగతి ఎత్తాడు. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో పీవీ సింధు ఎడమ పాదం గాయంతోనే గోల్డ్ కొట్టింది. తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలితే ఆ నెలలోనే ఉన్న వరల్డ్ చాంపియన్‌షిప్ వదులుకుంది. "గోల్డ్ మెడలిస్టే ఇంట్ల కూసున్నది. నీకేమైందిరా?" అన్నాడు. గోపీచంద్‌ది కూడా అంతే. 1994లో మోకాలు దెబ్బతిని ఆపరేషన్లు అయ్యాక, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు.

మళ్లీ అదే మెట్లెక్కాను

మొదటి పది రోజులు నరకం. దించిన ప్రతిసారీ పళ్లు బిగపట్టేవాణ్ని. 180లో 60 దాటేసరికి ఆపేయాలనిపించేది. ఫిజియో ఒక రూల్ పెట్టాడు. నొప్పి పదికి నాలుగైదు దాకా ఓర్చుకో, దాటితే ఆపు. మర్నాడు పొద్దున మంచం దిగగానే నిన్నటికంటే ఎక్కువ ఉంటే ముందురోజు అతి చేశావని అర్థం. నాకు ఐదు దాటుతూనే ఉంది. చేయకపోతే తాడు బలపడదు, చేద్దామంటే నొప్పి చేయనివ్వదు.

అప్పుడు సిగ్గు పక్కన పెట్టి డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. చెప్పాల్సిందంతా చెప్పాను. ఆమె తిట్టింది. గట్టిగానే తిట్టింది. "నొప్పి తగ్గిచ్చిన కానీ, నరం బాగైందని నేనెప్పుడన్నా అన్ననా?" అంది. తర్వాత ఫిజియో రాసిచ్చిన కాగితం చూపించమని చదివి, "ఇది మంచిగున్నది. నేను సూది వెట్టిన రోజు ఉరుకవు, ఈ కసరత్తే చేస్తవ్. ఒప్పుకుంటనే వెడత" అంది.

ఒప్పుకున్నాను. వారానికి ఒక సిట్టింగ్, నాలుగు వారాలు. సూదులు పెట్టించుకున్న రోజు సాయంత్రం, ఆ మర్నాడు దించుడు నొప్పి మూడుకు తగ్గేది. సెట్లు పూర్తయ్యేవి. ఐదో వారం నుంచి సూదులు అక్కర్లేకపోయింది. 1200 రూపాయలు. ఈసారి ఆ డబ్బు దండగైందని నాకనిపించలేదు.

ఆ రోజుల్లో పరుగు లేదు కాబట్టి ఫోన్‌లో చదవడం ఎక్కువైంది. సూదుల వైద్యం గురించి రెండు రకాల వీడియోలు దొరుకుతాయి. ఒకటి అన్ని రోగాలూ పోతాయంటుంది. రెండోది అంతా బూటకం అంటుంది. నాకు రెండూ సరిపోలేదు. నా కాలు రెండింటికీ సాక్ష్యం చెప్పదు.

జర్మనీలో నడుము నొప్పి ఉన్న 1162 మంది మీద ఒక పెద్ద ట్రయల్ చేసి 2007లో ప్రచురించారు. కొందరికి చైనా పద్ధతి ప్రకారం సరైన చోట సూదులు పెట్టారు. కొందరికి సంబంధం లేని చోట పైపైన గుచ్చారు. మిగతావాళ్లకు మందులు, ఫిజియోథెరపీ లాంటి మామూలు వైద్యం. ఆరు నెలల తర్వాత చూస్తే, అసలు సూదుల వాళ్లలో 47.6 శాతం మందికి మెరుగైంది. ఉత్తుత్తి సూదుల వాళ్లలో 44.2 శాతం. మామూలు వైద్యం వాళ్లలో 27.4 శాతం. ఆ మూడు అంకెలూ చాలాసేపు చూశాను. సూదులు పెట్టించుకున్నవాళ్లకు మేలు జరిగింది, నిజమే. ఎక్కడ పెట్టారన్నది మాత్రం అంత పెద్ద తేడా చేయలేదు. పడుకోబెట్టి, అడిగి, చేయి వేసి చూసి, అరగంట ప్రశాంతంగా ఉండనివ్వడంలో కూడా వైద్యం ఉందేమో. నేను ఆ బల్ల మీద నిద్రపోయిన పగలు గుర్తొచ్చింది.

ఆటగాళ్లకు ఎక్కువగా వచ్చే చీలమండ బెణుకు మీద 2014లో కాక్రేన్ అనే సంస్థ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించింది. సూదులు పనిచేస్తాయని గట్టిగా చెప్పడానికి నమ్మదగిన ఆధారాలు చాలవని తేల్చింది. నొప్పి తగ్గడానికి కారణాలైతే కొన్ని తెలుసు. సూది గుచ్చినప్పుడు ఒంట్లోనే నొప్పిని అణిచే ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. 1970ల్లోనే శాస్త్రవేత్తలు వాటిని అడ్డుకునే నాలోక్సోన్ అనే మందు ఇచ్చి చూస్తే, సూది వల్ల వచ్చిన ఉపశమనం తగ్గింది.

ఇది మన దేశానికి వచ్చిన దారి కూడా అప్పుడే తెలిసింది. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు మన కాంగ్రెస్ పార్టీ ఐదుగురు డాక్టర్లను పంపింది. అందులో ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో చనిపోయాడు. అదే బృందంలో వెళ్లిన బెంగాలీ డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. 2003లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. రిజిస్టర్డ్ డాక్టర్లు, తగిన శిక్షణ ఉన్నవాళ్లే చేయాలంది. ఆ చివరి మాట ముఖ్యం. పిక్కలో సూది వేరు, ఛాతీ మీదో భుజం వెనకో సూది వేరు. అక్కడ లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది.

నాలుగు రౌండ్లు

అక్టోబర్ 21న ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. ఈవెంట్స్ డిసెంబర్ 8 నుంచి అన్నారు. నా తేదీ డిసెంబర్ చివరి వారంలో పడింది. నా జీవితంలో తేదీ కలిసొచ్చింది అదొక్కసారే.

రూమ్ మెట్ల మీద రోజూ 180. ఇంటి ఓనర్ ఆంటీ మొదట్లో వింతగా చూసేది. తర్వాత తర్వాత "నూట ఎనభై అయినయా బిడ్డా?" అని లెక్క అడిగేది. నొప్పి తగ్గే కొద్దీ బ్యాగ్ తగిలించుకుని, అందులో జీకే పుస్తకాలు ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోయాను. నవంబర్ మధ్యలో పరుగు మొదలైంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. గ్రౌండ్‌లో అందరూ నన్ను దాటుకుంటూ పోతుంటే కడుపులో మండేది. మోటరు, పుల్ల అని నాలో నేనే అనుకునేవాణ్ని. కొత్త బూట్లు కొన్నాను. డబ్బులు అమ్మ పంపింది. ఎక్కడివని అడిగితే చెప్పలేదు.

ఈవెంట్స్ రోజు తెల్లవారుజామున విపరీతమైన చలి. లైన్‌లో నా ముందున్న ఒకతను మోకాలికి బ్యాండేజీ మీద బ్యాండేజీ చుట్టుకుంటున్నాడు. రాత్రి ఇంజక్షన్ వేయించుకున్నా అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆల్ ది బెస్ట్ అన్నా చెప్పాను.

మొదటి రౌండు వెనకబడ్డాను, కావాలనే. రెండో రౌండు ఊపిరి కుదిరింది. మూడో రౌండులో మడమ గుర్తు చేసింది, ఉన్నానని. రెండు, పదికి రెండు, అంతే అని లెక్కపెట్టుకున్నాను. బ్యాండేజీ అతను మూడో రౌండు మధ్యలో పక్కకు తప్పుకుని కూర్చుండిపోయాడు. నాలుగో రౌండు ఎలా పరుగెత్తానో గుర్తులేదు. 7 నిమిషాల 8 సెకన్లు. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా అయ్యాయి. బయటికొచ్చి బాపుకు ఫోన్ చేస్తే, ఆయన అడిగిన మొదటి మాట "కాలెట్లున్నది?"

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ అక్కడితో ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో ఫైనల్ రాత పరీక్ష రాశాను. అక్టోబర్‌లో సెలెక్షన్ లిస్ట్ వచ్చింది. నా పేరు లేదు. కొన్ని మార్కులు తక్కువయ్యాయి. దానికి మడమను అనలేను. పరుగు ఆగిన రోజుల్లో చదవాల్సింది చదవలేదు, గోడ వైపు చూస్తూ గడిపాను. ఆ లెక్క కూడా నాదే.

ఇప్పుడు పొద్దున గ్రౌండ్‌కి వెళ్తాను, పగలు చదువుకుంటాను, సాయంత్రం ఒక మెడికల్ షాపులో పనిచేస్తాను. గ్రౌండ్ పిల్లలకు నేను అక్కడుంటానని తెలుసు. మొన్న ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్లు కూడా లేవు.

"అన్నా, నొప్పికి గట్టి ఇంజక్షన్ ఏదన్నా ఉందా? లేకపోతే నువ్వు పెట్టిచ్చుకున్నవంట కదా, ఆ సూదుల అడ్రస్ చెప్పు."

చీటీ లేకుండా ఇంజక్షన్ ఇవ్వనన్నాను. బయటికి వచ్చి వాణ్ని మెట్టు మీద నిలబెట్టాను. ఒంటికాలి మీద మడమ లేపమన్నాను. రెండుసార్లు లేపి మూడోసారికి మొహం మాడ్చుకున్నాడు. ముందు ఫిజియో దగ్గరికి పోయి, తెగలేదని చూపించుకుని రమ్మన్నాను. తర్వాత డాక్టరమ్మ అడ్రస్ కూడా రాసిచ్చాను.

"సూదులు పెట్టిచ్చుకుంటే తగ్గుతదా అన్నా?"

"తగ్గుతదేమో. తగ్గిన రోజు మాత్రం ఉరుకకు" అన్నాను.

వాడు తల ఊపాడు. నేను ఊపినట్టే ఊపాడు. అందుకే నంబర్ తీసుకున్నాను. ఆదివారం పొద్దున ఐదింటికి, టైమ్ ట్రయల్ మొదలయ్యే లోపు, ఫోన్ చేస్తాను.